విల్లు ఓడిందా? విలుకాళ్లు కరవయ్యారా?

విజయవాడలోని ఒక ఆర్చరీ మైదానం ప్రహరీ మీద అల్లూరి సీతారామరాజు బొమ్మ గీసి ఉంది. గడ్డం, కాషాయం, చేతిలో విల్లు. మనవరాలిని ప్రాక్టీసుకు దింపి ఆ గోడ నీడన కూర్చునే రిటైర్డ్ సుబేదారుకూ, ఆ పిల్లకు నేర్పే కోచ్‌కూ ఆ బొమ్మ దగ్గరే మాటా మాటా పెరిగింది. యుద్ధంలో విల్లు గొప్పదా, తుపాకీ గొప్పదా అన్నది తగువు.

సుబేదారుది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలిటరీ మాధవరం అని పిలుచుకునే ఆ ఊళ్లో సైన్యానికి మనిషిని పంపని ఇల్లు వెతుక్కోవాలి. ఆయన ఉద్యోగమంతా తుపాకీతోనే గడిచింది. కోచ్ బతుకంతా విల్లుతో. కాబట్టి ఎవరు ఎటు మాట్లాడతారో చెప్పడం తేలికే అనిపిస్తుంది. తీరా చూస్తే తుపాకీ విప్పి, తుడిచి, నూనె రాసిన పెద్దాయన విల్లును వెనకేసుకొచ్చారు. విల్లు మీద తిండి తినేవాడు తుపాకీ పక్షాన నిలబడ్డాడు. ఎవరి పనిముట్టు ఎక్కడ మొరాయిస్తుందో వాళ్లకే కదా తెలిసేది.

“మొదటి మూడొందల ఏళ్లూ తుపాకీ అంటే ఒట్టి హడావుడి, మాస్టారూ,” అని సుబేదారు అందుకున్నారు. కూర్చున్నచోటే చేతికర్రను నిలబెట్టి చేసి చూపించారు. “మందు కొలిచి గొట్టంలో పొయ్యాలి. గుండు వెయ్యాలి. కడ్డీ తీసి దట్టించాలి. కడ్డీ మళ్లీ దాని చోట పెట్టాలి. పక్కన పళ్లెంలో చిటికెడు మందు వేసి మూత వెయ్యాలి. ఇంత సేపూ ఎడమ చేతి వేళ్ల మధ్య రెండు కొసలా రాజుకున్న వత్తి. అది మందు దగ్గరికి పోకూడదు, అలాగని ఆరిపోనూ కూడదు. ఊదుకుంటూ ఉండాలి. ఇంతా చేస్తే నిమిషానికి ఒకటో రెండో. ఔరంగజేబు కాలంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ఏం రాశాడు? తుపాకీవాడు రెండు దెబ్బలు కొట్టేలోపు మొఘల్ రౌతు ఆరు బాణాలు వేస్తాడని. అదీ గుర్రం మీద నుంచి.”

“ఆ రౌతు ఎన్నేళ్లకు తయారయ్యాడో కూడా రాశాడా, బాబాయి గారూ?” అని కోచ్ అడిగాడు.

సుబేదారు మాట్లాడలేదు. కోచ్ మైదానంలోకి చెయ్యి చూపించాడు. “మన పిల్ల లాగేది ఇరవై ఆరు పౌండ్ల విల్లు. చూడండి, మూడో రౌండుకే భుజం దిగిపోతోంది. ఒలింపిక్స్‌లో మగవాళ్లు లాగేది యాభైకి అటూ ఇటూ. 1545లో మునిగిన ఇంగ్లండు రాజు యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు కదా. అందులో 170కి పైగా విళ్లు దొరికాయి. వాటి పౌండేజీ లెక్క కడితే నూటితో మొదలై నూట ఎనభై అయిదు దాకా వచ్చింది. ఆ ఓడలోనే దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం ఎముక కొస అతుక్కోనే లేదు. ఎముకలు ముదరక ముందు నుంచీ బరువైన విల్లు లాగిన గుర్తు అంటారు దాన్ని. అంటే పదేళ్ల వయసులో మొదలుపెట్టాలి, ఒళ్లు వంకరపోయేదాకా లాగాలి. అప్పుడు ఒక విలుకాడు. వాణ్ణి మీరు యుద్ధంలో పోగొట్టుకుంటే ఇంకోణ్ణి తేవడానికి మరో పదేళ్లు.”

“తుపాకీకో?”

“ఆ మాట మీరే చెప్పాలి. మీ దగ్గరికి నాగలి వదిలేసి వచ్చిన కుర్రాడికి ఎన్ని వారాలు పట్టేది?”

ఈ తగువు వీళ్లిద్దరితో పుట్టింది కాదు. 1590లో ఇంగ్లండులో ఇద్దరు సైనికాధికారులు ఇదే విషయం మీద చెరో పుస్తకం అచ్చేశారు. సర్ జాన్ స్మైత్ విల్లు పక్షం. సర్ రోజర్ విలియమ్స్ తుపాకీ పక్షం. పదిహేను వందల మంది విలుకాళ్ల కంటే అయిదు వందల మంది తుపాకీవాళ్లు నయమని విలియమ్స్ లెక్క. అంతకంటే పదునైన మాట మరొకటి చెప్పాడాయన. విలుకాళ్లను మూణ్నాలుగు నెలలు దండులో తిప్పితే, అయిదు వేల మందిలో గట్టిగా బాణం వేయగలవాళ్లు అయిదు వందల మంది కూడా మిగలరన్నాడు. ఆకలి, వాన, విరేచనాలు అన్నీ ముందు భుజాన్ని తింటాయి. తుపాకీ గుండుకు కాల్చినవాడు అన్నం తిన్నాడో లేదో తెలియదు. స్మైత్ పుస్తకంలో విల్లు పొగడ్తతో పాటు సర్కారు సేనానుల మీద నిష్టూరాలు కూడా ఉన్నాయి, దాంతో రాణిగారి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని ఆపించేసింది. మరో అయిదేళ్లకు, 1595లో, ఊరి దళాల ఆయుధాల్లో విల్లును లెక్కలోకి తీసుకోవద్దని ప్రివీ కౌన్సిల్ ఉత్తర్వు వచ్చింది.

ఈ కథంతా కోచ్ చెబితే విన్న సుబేదారు బల్ల చరిచారు. “నేనూ అదేగా చెబుతున్నా! విల్లు ఓడలేదు. విలుకాళ్లు కరవయ్యారు.”

“లడాయిలో ఆ రెండిటికీ తేడా ఏముంది బాబాయి గారూ? ఆయుధం అంటే దాన్ని పట్టేవాడితో కలిపి లెక్క.”

నిజానికి వాదం ఇక్కడితో తేలిపోవాల్సింది. కానీ సుబేదారు తొందరగా లొంగే మనిషి కాదు. గురి సంగతి ఎత్తారు. ప్రష్యా సైన్యం తన తుపాకులను పరీక్షించడానికి నూరు అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గుడ్డ కట్టి కాల్పించింది. శత్రువుల వరస ఒకటి నిలబడినట్టు అన్నమాట. 75 గజాల నుంచి వందకు అరవై తగిలాయి. 225 గజాల నుంచి పాతికే. “గోడంత గుడ్డకే ఈ సంబడం,” అన్నారు సుబేదారు. “అదీ ఎదురుగా ఎవరూ కాల్చకుండా, ఊపిరాడని పొగలో కాకుండా, తీరిగ్గా నిలబడి.”

“రెండొందల గజాల నుంచి విలుకాడు మాత్రం ఏం గురి చూస్తాడు? గుంపు మీదికి వదులుతాడు. పడిన చోట పడుతుంది. తగిలాక ఏమవుతుందో అది చెప్పండి.” కోచ్ జేబులోంచి స్కోరు కాగితం తీసి వెనకవైపు లెక్క కట్టాడు. నూట డెబ్భై పౌండ్ల విల్లు నుంచి నూరు గ్రాముల బరువైన బాణం బయలుదేరితే దాని శక్తి నూటయాభై జౌళ్లకు దగ్గర. 1980ల చివర ఆస్ట్రియాలోని గ్రాజ్ ఆయుధశాలలో పాత తుపాకులను నిజంగా కాల్చి కొలిచారు. గుండు వేగం సెకనుకు 450 మీటర్ల ప్రాంతం. ముప్పై గ్రాముల సీసపు గుండు ఆ వేగంతో వెళితే మూడు వేల జౌళ్లు. ఇరవై రెట్లు. గుండ్రటి గుండు గాలిలో తొందరగా అలిసిపోతుంది, నూరు మీటర్లు పోయేసరికి సగానికి పైగా శక్తి పోగొట్టుకుంటుంది. అయినా మిగిలింది బాణం కంటే ఎన్నో రెట్లు. “2019లో ఇంగ్లండులో నూట అరవై పౌండ్ల విల్లు పట్టి, అజాంకూరు యుద్ధం నాటి కవచం నమూనా మీద బాణాలు వేసి చూశారు. రొమ్ము పలకలోకి ఒక్కటీ దిగలేదు. ములుకులు వంగిపోయాయి, కర్రలు చీలిపోయాయి.”

“అది వాళ్ల దేశం ఇనప పలక. మన దగ్గర తొడుక్కున్నది కడియాల జాలీ, దూది కుట్టిన అంగీ. బాణం ఆగదు. పైగా చాలా గుర్రాలకు అదీ లేదు.”

మాట నిజమే. ఇక్కడ కోచ్ కాస్త వెనక్కి తగ్గాడు. అయితే వానలో మందు తడిసిపోతుందన్న పాత వాదాన్ని సుబేదారు బయటికి తీయగానే మళ్లీ ముందుకొచ్చాడు. కొమ్ము, నరం, కర్ర కలిపి జిగురుతో అంటించిన తురుష్కుల విల్లు మాత్రం మన తేమకు నిలిచిందా? వానాకాలం వస్తే అతుకు ఊడేది. ఆ బాధ పడలేకే మన కమ్మరులు ఉక్కుతో కూడా విళ్లు చేశారు, అవి ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. లాగడానికి బాగుండవు, కానీ ఆయుధాగారంలో ఏళ్ల తరబడి పడి ఉన్నా పాడవవు.

సరే, ఇంటి దగ్గరి సాక్ష్యం కావాలంటే రాయచూరు ఉంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడించాడు. ఆదుకోవడానికి వచ్చిన ఆదిల్ షా దగ్గర ఫిరంగులు దండిగా ఉన్నాయి. ఒక్కసారి అన్నీ పేల్చేసరికి విజయనగర సేన ముందు వరస చెదిరింది. “చెదిరాక?” అని సుబేదారు రెట్టించారు. “రాయలు గుర్రం ఎక్కి ఉన్నవాళ్లను కూడగట్టుకుని తిరగబడ్డాడు. అంత ఫిరంగి దళమూ పెట్టుకుని ఓడింది ఆదిల్ షానే.” కోచ్ దగ్గర అదే కథ రెండో సగం ఉంది. కోట ఇంకా లొంగలేదు. గోడ మీది రాళ్లను పెరికే విజయనగర భటులను పైనుంచి బాణాలతో, తుపాకులతో, రాళ్లతో కొడుతున్నారు. అప్పుడు క్రిస్తావో ద ఫిగైరెదో అనే పోర్చుగీసువాడు ఇరవై మంది తుపాకీవాళ్లతో వచ్చాడు. కోట మీద తల ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే పడగొడుతుంటే కింద రాళ్లు పెరికేవాళ్లకు ఊపిరి ఆడింది. ఏం జరుగుతోందో చూద్దామని గోడ సందులోంచి వంగిన కోట అధిపతి నుదుటి మీద గుండు తగిలిందని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. మర్నాడు కోట లొంగింది. యుద్ధ మైదానంలో తేల్చలేని తుపాకీ, ఆనుకుని కాల్చే వీలున్న కోట గోడ దగ్గర తేల్చింది.

కొరియా సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. జపానుకు తుపాకీ తెలిసిందే 1543లో. యాభై ఏళ్లు తిరక్కుండా, 1592లో, వాటిని పట్టుకుని కొరియా మీద పడ్డారు. కొరియా విల్లు జపాను తుపాకీ కంటే దూరం వేస్తుందని సుబేదారు. అలా వేసే రౌతులందరూ చుంగ్‌జు దగ్గర తుడిచిపెట్టుకుపోయారని, ఆ మరుసటి ఏడే కొరియా రాజు తుపాకీ నేర్పే దళం పెట్టుకున్నాడని కోచ్.

అమెరికా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ గట్టిగా పట్టుకున్నారు. అంత చక్కగా కుదిరిన ఉదాహరణ మరొకటి దొరకదు. చోటు ఒక్కటే, మనుషులూ అవే తెగలవాళ్లు, మధ్యలో ఎనిమిది నెలలు కూడా లేవు. ఇప్పటి వయోమింగ్ రాష్ట్రంలో ఫోర్ట్ ఫిల్ కియర్నీ అనే సైనిక శిబిరం ఉండేది. 1866 డిసెంబరు 21న కెప్టెన్ ఫెటర్‌మన్ కట్టెలు కొట్టేవాళ్లను కాపాడటానికి శిబిరం నుంచి బయలుదేరాడు. కొద్దిమంది సూ, షయెన్ తెగల కుర్రాళ్లు కవ్వించి పారిపోతున్నట్టు నటిస్తే వెంటపడి కొండ దాటాడు. అవతల వందల మంది పొంచి ఉన్నారు. అతనితో కలిపి 81 మందీ చచ్చిపోయారు. శవాలను చూసిన సైనిక వైద్యుడు తూటా గాయాలున్నవి ఆరే అన్నాడు. మిగతావన్నీ బాణాలు, ఈటెలు, గదలు.

“చూశారా మరి!” అన్నారు సుబేదారు. “వాళ్లలో కాల్బలం దగ్గర మూతి నుంచి మందు దట్టించే తుపాకులున్నాయనుకోండి. గుర్రపు దళం దగ్గర స్పెన్సర్లున్నాయి. వరసపెట్టి ఏడు తూటాలు పేలుతాయి. గంట కూడా నిలవలేదు. ఎముకలు కొరికే చలి, వాలు కొండ, నాలుగు వైపులా బాణాలు. నేను కొండల్లో డ్యూటీ చేశాను, మాస్టారూ. ఎత్తు నుంచి ఎవడు దాక్కుని వేస్తున్నాడో కనపడకపోతే చేతిలో ఏముందన్నది తర్వాత మాట. తుపాకీ పేలితే పొగ లేస్తుంది, ఎక్కడున్నాడో తెలుస్తుంది. బాణానికి పొగ లేదు, చప్పుడు లేదు. బండరాయి చాటున కూర్చుని పైకి ఎక్కుపెట్టి వదిలితే ఇంకో బండ చాటున ఉన్నవాడి మీద పడుతుంది. తుపాకీ అలా వంపు తిరిగి కొట్టదు.”

“1867 ఆగస్టు 2 కూడా చెప్పండి.”

“మీరే చెప్పండి.”

ఆ రోజు ఆ శిబిరానికి దగ్గర్లోనే కెప్టెన్ పవెల్, 30 మందికి కాస్త పైన మనుషులతో చిక్కుబడ్డాడు. బండ్ల మీది కట్టెల తొట్లను చుట్టూ పేర్చుకుని వాటి వెనక పడుకున్నారు. మీదికి వచ్చినవాళ్లు వందల్లో. కొద్ది వారాల కిందటే ఆ శిబిరానికి కొత్త స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులొచ్చాయి. తూటా మూతి నుంచి కాదు, వెనక నుంచి పెట్టేవి. గుర్రాల మీద వచ్చినవాళ్లు తమకు అలవాటైన లెక్కే వేసుకున్నారు: మొదటి దెబ్బ పడనిద్దాం, వాళ్లు మళ్లీ మందు దట్టించేలోపు మీద పడదాం. ఆ సందు దొరకలేదు. ఒక దెబ్బ వెనకే ఇంకోటి. గంటల తరబడి మళ్లీ మళ్లీ వచ్చి, చివరికి తిరిగిపోయారు. లోపల చనిపోయింది చేతి వేళ్ల లెక్కలోనే.

“అంటే తుపాకీ విల్లును గెలిచింది నిజంగా ఆ రోజే,” అన్నాడు కోచ్. “పడుకుని తూటా పెట్టుకునే వీలొచ్చాక. విల్లు పడుకుని లాగలేరు కదా.”

“ఆ మాట నాకు వదిలేస్తున్నారు. 1867 దాకా గెలవలేదన్నమాటేగా!”

“మరి 1595లో ఇంగ్లండు ఎందుకు వదిలేసింది?”

“పిల్లలు ఆదివారాలు మైదానానికి రావడం మానేసి పేకాటకు పోయారు కాబట్టి.” ఇది సుబేదారు ఎగతాళే గానీ, పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. జనం పాచికలు, బంతాటలు వదిలి విల్లు సాధన చేయాలని ఇంగ్లండు రాజులు మళ్లీ మళ్లీ శాసనాలు చేయాల్సి వచ్చింది. శాసనం పెట్టి సాధన చేయించాల్సిన ఆయుధానికి రోజులు దగ్గర పడినట్టే.

సుబేదారు దగ్గర ఇంకో పెద్ద సాక్షి ఉన్నాడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1776 ఫిబ్రవరిలో, అమెరికా తిరుగుబాటు సైన్యానికి మందుగుండు కరవైనప్పుడు, జనరల్ చార్లెస్ లీకి ఆయన రాసిన ఉత్తరంలో విల్లును మళ్లీ తెద్దామన్నాడు. ఒక గుండు పేల్చేలోపు నాలుగు బాణాలు పడతాయి, పొగ కళ్లకు అడ్డం రాదు, వచ్చే బాణాల్ని చూసి శత్రువు బెదురుతాడు, ఒంట్లో ఎక్కడ దిగినా అది పీకేదాకా మనిషి పనికిరాడు, తుపాకీ కంటే విల్లు ఎక్కడైనా సులువుగా దొరుకుతుంది. ఒక్కొక్కటీ వేళ్లు మడుస్తూ చెప్పారు సుబేదారు. కోచ్ అన్నీ విని, “సలహా బాగుంది. ఆయన సైన్యం ఒక్క విల్లయినా చేయించిందా?” అన్నాడు. చేయించలేదు. విల్లు చెయ్యడానికి వడ్రంగి దొరుకుతాడు, లాగడానికి భుజం ఎక్కణ్ణుంచి తెస్తారు?

“ఆ భుజం మన మన్యంలో ఉంది,” అన్నారు సుబేదారు. గోడ మీది బొమ్మ వైపు కర్ర చూపించారు. “కొండవాడికి వెదురు అడవిలో దొరుకుతుంది. నారి వాడే పేనుకుంటాడు, బాణం వాడే చెక్కుకుంటాడు. చిన్నప్పటి నుంచీ వేటాడినవాడు కాబట్టి మీ పదేళ్ల శిక్షణ వాడికి ఇంట్లోనే అయిపోతుంది. లైసెన్సు అక్కర్లేదు, కాంట్రాక్టరు అక్కర్లేదు. అందుకే ఆ బొమ్మ చేతిలో విల్లుంది.”

“రాజు ఆ విల్లుతో ఊరుకోలేదుగా!” కోచ్ ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. “1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. ఎందుకెళ్లాడు? తుపాకుల కోసం. మొత్తం ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల తూటాలు. ఏమేం పట్టుకుపోతున్నాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టాడంటారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు ఆ తుపాకులకే పడిపోయారు. ముందు నడిచిన మన పోలీసులను వదిలేసి వెనకొచ్చిన దొరలను ఏరి కొట్టారు. బొమ్మలు గీసేవాళ్లకు విల్లు అందంగా కనిపిస్తుంది, నేను కాదనను. ఆర్‌ఆర్‌ఆర్ సినిమాలో చూడండి, ఊరికి తుపాకులు తెచ్చిపెట్టడమే హీరో ఆశయం. క్లైమాక్సుకు మాత్రం రాముడి వేషం కట్టి విల్లు పట్టుకున్నాడు. రాజు తనకేం కావాలో పోలీసు స్టేషను తలుపు దగ్గర తేల్చేశాడు.”

సుబేదారు కాసేపు లెక్కలో పడ్డారు. “రెండున్నర వేల తూటాలు, ఇరవై ఆరు తుపాకులు. తుపాకీకి తొంభై ఆరు. ఆగస్టు నుంచి 1924 మే 7 దాకా ఇరవై నెలల పైన. తొంభై ఆరు తూటాలతో ఇరవై నెలలు! నెలకు అయిదు కూడా రావు. ఇది తుపాకీ బలం అంటారా? పోలీసులు కూడా ఆ లెక్కే పట్టుకున్నారు. ఆ తర్వాత అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళితే ఏం దొరికింది? తుపాకులు ముందే దాచేశారు. స్టేషను దొరికింది, ఆయుధం దొరకలేదు.”

“దొరకలేదు కాబట్టే డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం పొలాల్లో రాజు దళానికి పెద్ద నష్టం జరిగింది. ఎదురుగా ఉన్నది మలబారు స్పెషల్ పోలీసు.”

“అక్కడ రాజు మనుషుల దగ్గర ఉన్నవీ తుపాకులే, మాస్టారూ. పగలు మైదానంలో నిలబడి కాల్పులకు కాల్పులు జవాబిచ్చారు. అది వాళ్లకు నప్పే యుద్ధం కాదు. దామనపల్లిలో వాళ్లను గెలిపించింది మలుపు, వాలు, చెట్లు. అక్కడ ముప్పై గజాల్లో బాణం వేసినా ఆ దొర లేచేవాడు కాదు.”

“ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి. ఆ మలుపులో మీరున్నారు. కింద దొరలు వస్తున్నారు. చేతిలోకి ఏది తీసుకుంటారు?”

“తుపాకీయే,” అన్నారు సుబేదారు, ఏమాత్రం తడుముకోకుండా. “నేను నేర్చుకున్నది అదే కదా.”

కోచ్ నవ్వాడు. “చూశారా. పైగా రాజు విళ్లతోనే ఉండి ఉంటే మలబారు పోలీసునీ, 1924లో అస్సాం రైఫిల్సునీ పిలిపించే అవసరం సర్కారుకు వచ్చేది కాదు. జిల్లా పోలీసుతోనే సరిపెట్టేవాళ్లు.”

“అది ఒప్పుకుంటాను. కానీ అస్సాం వాళ్ల తూటాలు రైలెక్కి వాళ్ల వెనకే వచ్చాయి. రాజుకు మాత్రం ఇంకో తూటా కావాలంటే మళ్లీ చింతపల్లికే వెళ్లాలి.”